పని పోయింది, ఈఎస్‌ఐ డబ్బు ఎందుకు రాలేదు?

బెంగళూరు పీణ్యాలో ఒక చిన్న మెషిన్ షాపులో తొమ్మిదేళ్లు లెక్కలు రాశాను. నెలనెలా 15వ తేదీలోపు కార్మికుల బీమా ఈఎస్‌ఐ, భవిష్య నిధి పీఎఫ్ కట్టడం నా పనే. ఇప్పుడు ఆదివారం వస్తే చాలు, హిందూపురం, కదిరి, మదనపల్లె నుంచి బెంగళూరు వచ్చి ఉన్న పని పోగొట్టుకున్నవాళ్లు ప్లాస్టిక్ కవర్లో కాగితాలు పెట్టుకుని మా ఇంటికి వస్తుంటారు. వాళ్లలో చాలామందికి డబ్బు అందుకునే హక్కు ఉంటుంది. కానీ రికార్డులో ఒక అంకె దగ్గరో, పేరులో ఒక అక్షరం దగ్గరో ఆగిపోతుంది.

ముందు పథకం సంగతి. నెల జీతం 21,000 లోపు ఉండి ఈఎస్‌ఐ కట్టినవాళ్లకు 2018 జులై 1 నుంచి పని పోతే కొన్నాళ్లు డబ్బిచ్చే అటల్ బీమిత్ వ్యక్తి కల్యాణ్ యోజన ఉంది. మొదట్లో సగటు రోజు కూలిలో 25 శాతం ఇచ్చేవారు, 2020లో దాన్ని 50 శాతం చేశారు. జీవితం మొత్తం మీద 90 రోజులకు మించి రాదు. ఇది శాశ్వత పథకం కాదు, గడువు పొడిగిస్తూ వస్తున్నారు. కాబట్టి ఈఎస్‌ఐ బ్రాంచి ఆఫీసుకు వెళ్లగానే ప్రస్తుత గడువు ఎప్పటి వరకో అడగండి. 21,000 దాటినవాళ్లు నేరుగా కింద పీఎఫ్ సంగతి చూసుకోండి.

సమస్య: "మీరే మానేశారని ఉంది" అంటున్నారు

మైసూరు రోడ్డు వైపు ఒక గార్మెంట్స్‌లో కుట్టుపని చేసిన ఒకామె ఈ మాట విని నా దగ్గరికి వచ్చింది. "నేనెక్కడ మానేశానన్నా? లైను మూసేసి, అందరి చేతా ఒక కాగితం మీద సంతకం పెట్టించుకున్నారు" అంది. ఆ కాగితం జిరాక్సు చూస్తే రాజీనామా.

కారణం ఇదీ. కంపెనీ ప్రతి నెలా ఈఎస్‌ఐ సైటులో అందరి పనిరోజులు, జీతం ఎక్కిస్తుంది. ఎవరికైనా సున్నా రోజులు వేస్తే పక్కన కారణం నెంబరు ఇవ్వాలి. 2 అంటే పని వదిలేశారు. 10 అంటే కంపెనీయే తీసేసింది. 11 అంటే పని లేదు. లెక్కలు రాసేవాళ్లు ఎవరు వెళ్లిపోయినా అలవాటుగా 2 కొట్టేస్తారు. నేనూ అలాగే కొట్టాను, దాని బరువు అప్పట్లో నాకు తెలియదు. తనంతట తాను పని వదిలేసినవాళ్లకు ఈ పథకం వర్తించదు. రిటైరైనవాళ్లకు, తప్పు చేసి క్రమశిక్షణ చర్య కింద పోయినవాళ్లకు కూడా రాదు. అందుకే ఆ ఒక్క అంకె మీద ఇంత పట్టుబట్టాలి.

ఏం చేయాలి: కారణం సరిచేయమని కంపెనీకి ఉత్తరం రాసి, రిజిస్టర్డ్ పోస్టులో పంపి, రశీదు దాచుకోండి. ఆ ఉత్తరం కాపీ, జీతం స్లిప్పులు, పనిలోకి రావద్దని సూపర్‌వైజరు పెట్టిన వాట్సాప్ మెసేజీ ప్రింటు, ఇవన్నీ మీ బ్రాంచి ఆఫీసులో ఇవ్వండి. మీ కాపీ మీద తేదీతో సీలు వేయించుకోకుండా కౌంటరు దగ్గర నుంచి కదలకండి. కన్నడ రాకపోయినా కంగారు పడొద్దు, తేదీలు వేసిన కాగితం చాలా మాట్లాడుతుంది. ఇంకా పనిలో ఉన్నవాళ్లకు నా మాట: చదవకుండా, చదివించుకోకుండా తెల్లకాగితం మీద సంతకం పెట్టొద్దు.

సమస్య: "అర్హత లేదు" అని వస్తోంది

కనీసం రెండేళ్ల ఈఎస్‌ఐ సర్వీసు ఉండాలి. ఈఎస్‌ఐకి ఏడాది రెండు ముక్కలు: ఏప్రిల్ నుంచి సెప్టెంబరు, అక్టోబరు నుంచి మార్చి. పని పోవడానికి ముందు ముక్కలో 78 రోజులు, అంతకు ముందు మూడు ముక్కల్లో ఏదో ఒకదానిలో 78 రోజులు కట్టి ఉండాలి. ఈఎస్‌ఐ సైటులో మీ 10 అంకెల ఈఎస్‌ఐ నెంబరుతో లాగిన్ అయితే నెలవారీగా కనిపిస్తుంది.

రోజులు తక్కువ పడ్డాయంటే ఎక్కువసార్లు అసలు సంగతి రెండు నెంబర్లు. కాంట్రాక్టరు మారినప్పుడు పాతది అడగకుండా కొత్త నెంబరు తీస్తారు, సర్వీసు రెండుగా చీలిపోతుంది. రెండు కార్డులూ పట్టుకెళ్లి కలపమని రాసివ్వండి. జీతంలో కోసి కట్టలేదంటే స్లిప్పే మీ సాక్ష్యం, దాంతో ఫిర్యాదు పెట్టండి.

సమస్య: అనుకున్నదానికంటే తక్కువ వచ్చింది

లెక్క ఆఖరి జీతం మీద కాదు. నాలుగు ముక్కల, అంటే రెండేళ్ల, మొత్తం సంపాదనను 730 రోజులతో భాగిస్తారు. నెలకు 18,000 చొప్పున రెండేళ్లకు 4,32,000. రోజుకు దాదాపు 592, అందులో సగం 296. 90 రోజులకు సుమారు 26,630. మధ్యలో జీతం లేని సెలవులు పెట్టి ఉంటే ఆ మేరకు తగ్గుతుంది. ఇది తప్పు కాదు, దీని కోసం తిరిగి లాభం లేదు. అలాగే పని పోయిన 30 రోజుల తర్వాతే క్లెయిమ్ పెట్టాలి, రాబోయే రోజులకు ముందుగా ఇవ్వరు.

సమస్య: పాసయింది, కానీ ఖాతాలో పడలేదు

ఇది మనవాళ్లకే ఎక్కువ. పాస్‌బుక్కు ఆంధ్రా బ్యాంకుది. 2020 ఏప్రిల్ 1న ఆంధ్రా బ్యాంకు యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది, పాత ఐఎఫ్ఎస్‌సీ (బ్యాంకు శాఖ కోడు) చెల్లదు. సిండికేట్ బ్యాంకు అదే రోజు కెనరాలో కలిసింది. కొత్త కోడున్న పాస్‌బుక్కు తీసుకుని మళ్లీ ఇవ్వాలి.

పేరు ఇంకో చిక్కు. ఆధార్‌లో ఇంటిపేరు ముందు, బ్యాంకులో వెనక, కంపెనీలో పొడి అక్షరం మాత్రమే. మూడూ ఒకే మనిషివని మనకు తెలుసు, కంప్యూటరుకు తెలియదు. ఆధార్‌లో ఎలా ఉందో అక్షరం పొల్లు పోకుండా మిగతావి అలాగే మార్పించండి.

పీఎఫ్ ఆగితే

దాదాపు ఎప్పుడూ పని మానిన తేదీ ఎక్కించకపోవడమే. కంపెనీ ఎక్కించకపోతే, ఆఖరి చందా పడిన రెండు నెలల తర్వాత పీఎఫ్ సైటులో మీరే ఎక్కించవచ్చు. ఆధార్‌కు కలిపిన ఫోనుకు ఓటీపీ వస్తుంది. ఆఖరి చందా పడిన నెలలోని తేదీయే వేయాలి. ఒకసారి వేశాక మీరు మార్చలేరు, జీతం స్లిప్పు ఎదురుగా పెట్టుకుని వేయండి. అప్పటికీ తేలకపోతే ప్రతి నెలా 27న పీఎఫ్‌వాళ్లు జిల్లాల్లో పెట్టే నిధి ఆప్‌కే నికట్ శిబిరానికి వెళ్లండి.

ఆఫీసు గేటు దగ్గర "నేను చేయిస్తాను" అని ఎవరైనా అంటే ఫోను వాళ్ల చేతికి ఇవ్వకండి. ఈ క్లెయిములకు ఫీజు లేదు. ఈఎస్‌ఐ ఉచిత నెంబరు 1800-11-2526.

ఆ గార్మెంట్స్ చెల్లెలి కారణం కోడు మూడో ఉత్తరానికి మారింది. తర్వాత డబ్బు ఒకసారి వెనక్కి వెళ్లింది, ఆమెదీ ఆంధ్రా బ్యాంకు పాస్‌బుక్కే. కొత్తది తెచ్చిన ఆదివారం మా వంటింటి గట్టు మీద పెట్టి, కొత్త కోడులోని పదకొండు అక్షరాలూ ఇద్దరం రెండుసార్లు పైకి చదువుకుని పంపాం. ఈసారి పడింది.