హెచ్‌డీఆర్ ఫైళ్లు మార్చే ముందు: అసలుది చెరపకండి

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ కొట్టి రోజుల తరబడి కరెంటు లేకుండా పోయాక, విశాఖలో మాలాంటి చిన్న త్రీడీ స్టూడియోలు చాలావరకు తుఫాన్ల నెలకి ముందే హార్డ్‌డిస్కులు సర్దుకుని, రెండో కాపీ వేరే ఊళ్లో పెట్టుకుంటున్నాయి. పోయిన వారం ఆ సర్దుడులోనే ద్వారకానగర్‌లో ఒక కుర్రాడు, డిస్కులో చోటు మిగులుతుందని, మే నెలలో కైలాసగిరి మీద తీసిన హెచ్‌డీఆర్ పనోరమాలన్నీ (తెర చూపే తెలుపుకి మించిన వెలుగు కూడా దాచుకునే, చుట్టూ తీసిన ఫొటోలు; త్రీడీ సీన్‌కి వీటితోనే వెలుగు ఇస్తాం) ఈఎక్స్‌ఆర్ అనే ఫార్మాట్ నుంచి రేడియన్స్ హెచ్‌డీఆర్ అనే ఇంకో ఫార్మాట్‌లోకి మార్చి అసలువి చెరిపేశాడు. తెర మీద బొమ్మ చక్కగానే ఉంది. భవనం సీన్‌కి వెలుగుగా పెట్టి రెండర్ చేస్తే నీడ పడలేదు.

అతను వాడిన కన్వర్టర్ మధ్యలో 16 బిట్ టిఫ్ మీదుగా వెళ్లింది. ఈఎక్స్‌ఆర్‌లో 16 బిట్ అంటే హాఫ్ ఫ్లోట్, అంటే దశాంశాల సంఖ్య, 65,504 దాకా పడుతుంది. మామూలు టిఫ్‌లో 16 బిట్ అంటే పూర్ణాంకాలు. తెరకి తెలుపు (1.0) ఎక్కడో అక్కడితో సరి, ఆ పైనున్నదంతా కోతే. సూర్యుడి విలువ వేలల్లో ఉన్నా, కోసి 1.0 చేసినా తెర మీద కనబడేది ఒకటే తెలుపు. సీన్‌లో నీడ పడేది మాత్రం ఆ వేల విలువతోనే. కంటితో చూసి సరే అనుకోవడమే కొంప ముంచుతోంది. ఇది నేను చూడటం మూడోసారి.

అందుకే ఎక్స్‌పోజర్ 6 స్టాపులు తగ్గించి చూడండి (ఒక్కో స్టాపుకి వెలుగు సగం అవుతుంది). వెలుగు 64వ వంతుకి పడిపోతుంది. ఆకాశం నల్లబడ్డా సూర్యుడు తెల్లటి చుక్కలా మిగలాలి. బూడిదరంగు మచ్చ అయితే ఫైలు పోయినట్టే.

ఏ ఫార్మాట్ లోటు దానిది. రేడియన్స్‌లో ఒక్కో పిక్సెల్‌కి 32 బిట్లు: మూడు రంగులకి తలా ఎనిమిది, ఉమ్మడి ఘాతానికి ఎనిమిది. ఎంత వెలుగైనా పడుతుంది గానీ మైనస్ విలువలు నిలవవు, కాబట్టి నార్మల్ పాస్‌లు (ఉపరితలం ఎటు తిరిగి ఉందో అంకెల్లో చెప్పే బొమ్మలు) అందులో పెట్టకండి. హాఫ్ ఈఎక్స్‌ఆర్‌కి మైనస్‌లు పర్వాలేదు. కానీ అసలు కొలతల్లో సూర్యబింబం వెలుగు చదరపు మీటరుకి సుమారు 160 కోట్ల క్యాండెలాలు. అది హాఫ్‌లో పట్టక అనంతం అయిపోతుంది. అలాంటివి 32 బిట్ ఫ్లోట్‌లోనే ఉంచండి. 8192 బై 4096 పనోరమా, కుదించకపోతే, 400 ఎంబీ దాకా అవుతుంది. కానివ్వండి.

ఫైళ్లు మార్చడానికి ఇమేజ్‌మ్యాజిక్ సాఫ్ట్‌వేర్ వాడేవాళ్లు వెర్షన్ వివరాల్లో హెచ్‌డీఆర్‌ఐ అన్న మాట ఉందో లేదో చూడండి. లేకపోతే అదీ 1.0 పైది కోసేస్తుంది, దాంతో మార్చకండి.

ఈఎక్స్‌ఆర్‌లో జిప్, పిజ్ కుదింపులు వాడండి, ఏమీ పోదు. బీ44, డీడబ్ల్యూఏఏ కుదింపుల్లో కొంత పోతుంది, దాచుకునే కాపీకి వద్దు.

రేడియన్స్ హెడర్‌లో ఎక్స్‌పోజర్ లైను ఉందేమో చదవండి. దాన్ని పట్టించుకోని సాఫ్ట్‌వేర్‌లో వెలుగు మొత్తం మారిపోతుంది.

గామా (తెర కోసం వెలుగు సర్దే లెక్క) రెండుసార్లు వేయకండి.

టోన్‌మ్యాప్ చేసినదాన్ని (తెరకి పట్టేలా వెలుగు కుదించినదాన్ని) అదే పేరుతో సేవ్ చేయకండి.

వంద ఫైళ్లు ఒకేసారి మార్చకండి. ముందు ఒక్కటి, అదీ సూర్యుడున్నది. 6 స్టాపులు తగ్గించి చూడండి. చూశాక కూడా అసలుది చెరపకండి.

బ్రాకెట్ల (ఒకే చోట వేర్వేరు ఎక్స్‌పోజర్లతో తీసిన ఫొటోల) రా ఫైళ్లు అసలే చెరపకండి. అవి ఉంటే పనోరమా మళ్లీ కుట్టుకోవచ్చు. ఆ కుర్రాడి దగ్గర అవీ లేవు. కైలాసగిరి మళ్లీ ఎక్కుదామన్నా, మేలో తూర్పుకి ఉత్తరంగా పొడిచిన సూర్యుడు ఇప్పుడు ఆ చోట పొడవడు.