ఆస్తి పన్ను చట్టం రద్దుపై చర్చకు దిగే ముందు

ముందు మీ అభ్యంతరం దేని మీదో తేల్చుకోండి. ఆంధ్రప్రదేశ్ పట్టణాల్లో ఇంటి పన్నును అద్దె విలువ మీద కాకుండా రిజిస్ట్రేషన్ విలువ మీద కట్టేలా 2020లో మున్సిపల్ చట్టాలను సవరించారు. 2021 ఏప్రిల్ నుంచి అది అమల్లోకి వచ్చింది. ఇళ్లకు ఆస్తి విలువలో 0.10 నుంచి 0.50 శాతం, ఇళ్లు కాని కట్టడాలకు 0.20 నుంచి 2 శాతం పన్ను. మీ ఇబ్బంది రేటుతోనైతే చట్టం జోలికి పోనక్కర్లేదు, ఆ హద్దుల్లోనే తగ్గించమని అడగొచ్చు. లెక్కకట్టే పద్ధతే తప్పంటే మాత్రం మార్చాల్సింది అసెంబ్లీ. మున్సిపల్ కౌన్సిల్ తీర్మానంతో చట్టం రద్దు కాదు.

తరువాత పన్ను నోటీసులు తెచ్చి లెక్క వేయండి. అందరూ పొరబడేది ఇక్కడే. పాత పన్ను 4,000 రూపాయలు, ఆస్తి విలువ 60 లక్షలు, రేటు 0.15 శాతం అనుకుందాం. కొత్త పన్ను 9,000 అవుతుంది. ఏటా 15 శాతానికి మించి పెంచరు కాబట్టి మొదటి ఏడు 4,600, తరువాత 5,290, ఆపైన సుమారు 6,084, 6,996, 8,045. ఆరో ఏడు 9,000కు చేరుతుంది. ఒక్క మొదటి ఏడాది బిల్లు చూపించి ‘పెరిగింది 600 రూపాయలేగా’ అనడం సరికాదు, 9,000 మొత్తం ఒక్కసారే మీద పడిందనడమూ సరికాదు. పైగా రిజిస్ట్రేషన్ విలువలు పెంచితే ఆ 9,000 కూడా అక్కడే ఆగదు. పింఛను మీద బతికే ఇంటి యజమాని తరఫున చెప్పాల్సిన బలమైన మాట ఇదే: స్థలం ధర పెరిగినంత మాత్రాన చేతికి డబ్బు రాదు.

రద్దు కోరేవాళ్లు రెండు ప్రశ్నలకు జవాబు సిద్ధం చేసుకోవాలి. మొదటిది, పాత పద్ధతిలో ఇళ్ల పన్నును 2002 తరువాత సవరించలేదు. మళ్లీ అద్దె విలువకే వెళ్తే ఎన్నేళ్లకోసారి సవరిస్తారు, ఎవరు సవరిస్తారు? రెండోది, డబ్బు. 2020లో రాష్ట్రాలకిచ్చిన అదనపు రుణ పరిమితిలో, రాష్ట్ర స్థూల ఉత్పత్తిలో 0.25 శాతానికి సమానమైన వాటాకు కేంద్రం పట్టణ సంస్కరణల షరతు పెట్టింది. ఆస్తి పన్ను కనీస రేట్లను రిజిస్ట్రేషన్ విలువలతో ముడిపెట్టడం అందులో ఒకటి. ఈ సంగతి వదిలేస్తే చర్చ సగమే అవుతుంది.

చివరిగా, మీ డిమాండును రాతపూర్వకంగా పెట్టండి. ‘చట్టం రద్దు చేయాలి’ అని ఒక్క ముక్క రాస్తే చాలదు. సవరణను రద్దు చేసినంత మాత్రాన పాత సెక్షన్లు వాటంతటవే తిరిగి రావు, వాటి స్థానంలో ఏముండాలో బిల్లులోనే రాయాలి. ఇప్పటికే పడిన బకాయిలూ సాధారణంగా రద్దుతో మాఫీ కావు. ఏ తేదీ నుంచి అమలు కావాలి, ఎక్కువ కట్టినవాళ్లకు వచ్చే అర్ధసంవత్సరం బిల్లులో సర్దుబాటు చేస్తారా లేదా అన్న రెండు వాక్యాలూ వినతిపత్రంలో చేర్చండి.