చెంచా చూస్తే నోరు మూసే బిడ్డ: తన చేత్తో తినడం నేర్పేటప్పుడు వచ్చే సమస్యలు, పరిష్కారాలు

అన్నప్రాశన నాడు పుస్తకం, కలం, బంగారం, కత్తి వరుసగా పేర్చి, బిడ్డ ఏది పట్టుకుంటుందోనని ఇంటిల్లిపాదీ ఊపిరి బిగబట్టి చూస్తాము. ఆ పూట అంత విలువ ఇచ్చిన చేతినే మర్నాటి నుంచి పళ్ళెంలోకి రాకుండా ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో నోట్లో చెంచా పెడతాము. కోనసీమలోని మా ఇంట్లో మనవరాలికి ఏడాది నిండిన తరువాత వచ్చిన తిండి తగువులో సగం ఇక్కడే పుట్టింది. ఏడాది నుంచి రెండేళ్ళ లోపు పిల్లల విషయంలో తరచుగా కనిపించే చిక్కులనూ, వాటి వెనుక ఉండే కారణాలనూ కింద వివరిస్తున్నాను.

సమస్య: చెంచా కనపడగానే పెదవులు బిగించి తల తిప్పేయడం

దీన్ని ఆకలి లేకపోవడంగానో, దిష్టిగానో లెక్కకట్టే ముందు ఒక చిన్న పరీక్ష చేయాలి. అదే అన్నాన్ని అదే రుచితో పళ్ళెంలో కొద్దిగా పెట్టి, బిడ్డ ముందుంచి, ఐదు నిమిషాలు చేతులు కట్టుకుని కూర్చోండి. చెయ్యి పళ్ళెంలోకి వెళితే బిడ్డకు అన్నంతో పేచీ లేదు, పెట్టే చేతితోనే పేచీ అని అర్థం. తొమ్మిది, పది నెలలకే బొటనవేలూ చూపుడువేలూ కలిపి నేల మీద మెతుకును ఏరుకోగలిగిన బిడ్డ, ఏడాది దాటాక కూడా నోరు తెరిచి కూర్చోవడానికి ఒప్పుకోకపోవడం ఎదుగుదలలో భాగమే.

ఒకవేళ పళ్ళేన్ని ముట్టుకోనే ముట్టుకోకపోతే నోటిలోకి చూడండి. ఏడాదికీ ఏడాదిన్నరకూ మధ్య దవడ పళ్ళు వస్తాయి. చిగుళ్ళు వాచి ఉంటే మెత్తని అన్నం కూడా నొప్పి పుట్టిస్తుంది. నోటిపూత, చెవిపోటు, ముక్కు దిబ్బడ ఉన్నా ఇలాగే జరుగుతుంది. అప్పుడు ముందు తగ్గించవలసింది ఆ బాధను.

పరీక్షలో చెయ్యి కదిలిన బిడ్డకు పరిష్కారం తేలికే గాని, పెద్దల ఓపికకు మాత్రం పరీక్ష. ఏం వండాలి, ఎప్పుడు పెట్టాలి, ఎక్కడ కూర్చోపెట్టాలి అన్నవి మీ నిర్ణయాలు. ఎంత తినాలన్నది బిడ్డ నిర్ణయం. రెండు మూడు గంటల ఎడంతో రోజుకు మూడు నాలుగు సార్లు భోజనం, మధ్యలో ఒకటి రెండు సార్లు చిరుతిండి చాలు. ఒక్కో పూట ఇరవై, ముప్పై నిమిషాలకు మించకూడదు. చంకనేసుకుని వీధిలో గేదెల్ని చూపిస్తూనో, ఫోను చేతికిచ్చో పెట్టిన ముద్ద కడుపులోకి వెళుతుంది కాని, కడుపు నిండిన సంగతి బిడ్డకు తెలియకుండా పోతుంది. పైగా నడకలో, నవ్వులో పొలమారే ప్రమాదమూ ఉంది. ఇంట్లో పొట్టి పీట ఉంటే అదే మంచి ఆసనం. పాదాలు రెండూ నేలకు ఆని, వీపుకు గోడ ఆసరా ఉన్న బిడ్డకు చేతులు స్వేచ్ఛగా ఆడతాయి. పక్కన మీరు కూడా పళ్ళెం పెట్టుకుని తినాలి. మనది చేత్తో కలుపుకుని తినే ఇల్లు కాబట్టి, చూసి నేర్చుకోవడానికి ఇంతకన్నా దగ్గర పాఠం ఉండదు. గోళ్ళు తీసి, సబ్బుతో చేతులు కడిగి కూర్చోపెట్టండి; వరద రోజుల్లో ఈ పనిలో అస్సలు అశ్రద్ధ చేయవద్దు.

సమస్య: చేతికి ఇచ్చినా పట్టుకోలేక విసుగుతో ఏడవడం

ఈ తప్పు చాలాసార్లు వంటింటిదే. మిక్సీలో తిప్పిన అన్నమూ, చారు పోసి జావలా చేసినదీ వేళ్ళ సందుల్లోంచి కారిపోతాయి. ముద్దపప్పు, నెయ్యి వేసి మెత్తగా, కాస్త గట్టిగా మెదిపిన అన్నాన్ని చిన్న చిన్న ఉండలుగా చేసి పెడితే నిలుస్తుంది. ఇడ్లీని నిలువుగా నాలుగు ముక్కలు చేయండి. ఉడికిన చిలగడదుంప, పెండలం, గుమ్మడికాయ ముక్కలను మీ వేలంత పొడవున కోస్తే గుప్పిట్లో పట్టి, పైకి మిగిలిన భాగాన్ని కొరకవచ్చు. ఆ ముక్క రెండు వేళ్ళ మధ్య నొక్కితే నలిగిపోయేంత మెత్తగా ఉండాలి. మినపరొట్టె పైచెక్కు గట్టిది, దాన్ని మీరు తిని లోపలి మెత్తని భాగం బిడ్డకు ఇవ్వండి. రావులపాలెం మార్కెట్టు ఊరికి దగ్గరగా ఉన్న మాకు అరటిపండుకు కొదవ లేదు కాని, తొక్క తీసిన చక్కెరకేళి జారిపోతుంది. వేయించిన పెసరపప్పు పొడిలో ఆ ముక్కను ఒకసారి దొర్లిస్తే పట్టు చిక్కుతుంది, పప్పూ లోపలికి వెళుతుంది.

చేప పెట్టదలిస్తే చందువ లాంటి ముళ్ళు తక్కువ ఉన్నదాన్ని ఎంచుకుని, ముక్కను పళ్ళెంలోనే వేళ్ళతో విడదీసి తడిమి చూడాలి. పులస ఎంత అపురూపమైనదైనా దాని సన్నని ముళ్ళు ఈ వయసుకు పనికిరావు.

సమస్య: తిన్నదానికన్నా పారబోసేదే ఎక్కువ

అన్నం నేలపాలైతే మా అత్తగారి తరం వారు తట్టుకోలేరు, ఆ బాధ అర్థం చేసుకోదగినదే. అందుకే ఒకేసారి వడ్డించకుండా రెండు మూడు ముక్కలే పెట్టి, అయ్యాక మళ్ళీ పెట్టాలి. కింద పాత దుప్పటి పరిచి, తరువాత ఎత్తి పెరట్లో దులిపితే కోళ్ళు చూసుకుంటాయి. వదిలేస్తే ఎక్కడ పడుతుందో చూడడం మొదట్లో బిడ్డకు ఆట. అరిచినా, నవ్వినా ఆ ఆట సాగుతుంది. తినడం మానేసి వరసగా విసరడం మొదలుపెడితే చాలునని చెప్పడమే కాబట్టి, మాట పెంచకుండా పళ్ళెం తీసేయండి.

సమస్య: రెండు ముద్దలతో ఆపేయడం

పుట్టినప్పుడు మూడు కిలోలున్న బిడ్డ ఏడాదికి సుమారు తొమ్మిది కిలోలవుతుంది. రెండో ఏడాదిలో పెరిగేది రెండు, రెండున్నర కిలోలే. ఎదుగుదల నెమ్మదించినప్పుడు ఆకలీ నెమ్మదిస్తుంది. తల్లిపాలు తాగుతున్న ఈ వయసు బిడ్డకు పైఆహారం నుంచి రోజుకు కావలసినది సుమారు 550 కిలోకేలరీలు మాత్రమే. ఒక పూట మానితే మరో పూట పూడ్చుకుంటుంది.

అసలు అనుమానించవలసినది పాలసీసాను. అన్నం తినలేదన్న బెంగతో గేదెపాలు పట్టడం, పాలతో కడుపు నిండి మళ్ళీ అన్నం మానడం ఒక విషవలయం. పాలలో ఇనుము బహు తక్కువ. ఇనుము తగ్గితే ఆకలి ఇంకా చస్తుంది. రోజుకు అరలీటరు మించకుండా, సీసాలో కాక గ్లాసులో, భోజనం తరువాతే ఇవ్వండి. మధ్యలో బిస్కెట్లు మానేస్తే వారం పది రోజుల్లో తేడా కనిపిస్తుంది. కొత్త కూరను ఒకసారి ఉమ్మేసిందని వదిలేయకండి, పది సార్లు పైన పళ్ళెంలో కనిపించాక నోట్లో పెట్టుకునే పిల్లలు ఎందరో.

సమస్య: ఓకరిస్తుంటే భయం వేయడం

ముఖం ఎర్రబడి, దగ్గుతూ, శబ్దం చేస్తూ ముక్కను ముందుకు నెట్టడం ఓకరింత, అది రక్షణ. అప్పుడు నోట్లో వేలు పెట్టి కెలికితే ముక్క లోపలికి పోవచ్చు. శబ్దం రాక, ఊపిరి ఆడక, పెదవులు నీలమైతే గొంతుకు అడ్డం పడినట్టు. ఏడాది దాటిన బిడ్డను ముందుకు వంచి, వీపు మీద రెండు రెక్కల మధ్య అరచేతి మడమతో, అంటే మణికట్టు దగ్గరి గట్టి భాగంతో, ఐదు సార్లు గట్టిగా తట్టాలి. రాకపోతే వెనుక నుంచి పట్టుకుని, బొడ్డుకు పైన పిడికిలి పెట్టి లోపలికీ పైకీ ఐదు సార్లు నొక్కాలి. ఏడాది లోపు బిడ్డకు పొట్ట నొక్కకూడదు. బోర్లా పట్టుకుని వీపు మీద ఐదు దెబ్బలు, తరువాత వెల్లకిలా తిప్పి రొమ్ము మధ్యలో ఒక అరచేతి మడమతో ఐదు నొక్కులు. ఈలోగా ఇంకొకరు 108కి ఫోను చేయాలి. వేరుశెనగ గుళ్ళు, శనగలు, జంతికలు, పచ్చికొబ్బరి ముక్కలు ఈ వయసు వారి దగ్గరకు రానివ్వకండి. కొబ్బరి కోరి కూరలో వేయవచ్చు. తాటిముంజ జారిపోతుంది కనుక మెదిపి పెట్టాలి, ద్రాక్షను నిలువుగా నాలుగు చీలికలు చేయాలి.

సమస్య: చెంచా తనకే కావాలని లాక్కోవడం, ఎడమ చెయ్యి వాడడం

లాక్కుంటే ఇచ్చేసి మీరు ఇంకొకటి పట్టుకోండి. ఏడాదిన్నర వరకూ మణికట్టు సరిగా తిరగదు, నోటికి చేరేసరికి చెంచా బోర్లపడుతుంది. పొట్టి, లావుపాటి పిడి ఉన్న చెంచాలో గడ్డపెరుగన్నం లాంటి అంటుకునేది నింపి పళ్ళెం అంచున పెడితే తనే ఎత్తుకుంటుంది. ఎడమ చేతి గురించి ఇప్పుడు దిద్దకండి, ఈ వయసులో ఏ చెయ్యి వాటమో ఇంకా స్థిరపడదు.

ఇంట్లో ఆపి వైద్యుని దగ్గరకు వెళ్ళవలసినవి

బరువు నెలల తరబడి పెరగకపోవడం లేదా తగ్గడం, ద్రవాలు కూడా మింగలేకపోవడం, ప్రతి ముద్దకూ పొలమారడం, పాలిపోవడం, మన్ను లేదా సుద్ద తినడం, అంతకు ముందు తిన్న తీరును మరిచిపోవడం కనిపిస్తే ఆలస్యం చేయవద్దు. అంగన్‌వాడీలో నెలనెలా తూచి గీసిన బరువు కార్డు వెంట తీసుకువెళ్ళండి. దానితోపాటు మూడు రోజులు బిడ్డ తిన్నవీ, తాగిన పాలూ కొలతలతో ఒక కాగితం మీద రాసుకుని వెళితే వైద్యునికి సగం సంగతి అక్కడే తెలుస్తుంది.