బూట్‌లో ఎల్‌వీఎం వాల్యూమ్ యాక్టివేట్ కాకపోతే: నా అనుభవం

డిస్క్ కంట్రోలర్ మార్చినప్పటి నుంచి సర్వర్ ఆన్ చేస్తే చాలు, ఎల్‌వీఎం (డిస్కులను గ్రూపుగా కలిపి వాల్యూమ్‌లుగా పంచే లినక్స్ వ్యవస్థ) కింద ఉన్న డేటా వాల్యూమ్ కోసం 90 సెకన్లు ఎదురుచూసి ఎమర్జెన్సీ మోడ్‌లో (రిపేర్‌కు ఇచ్చే కనీస కమాండ్ లైన్) పడేది. ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌లో (మౌంట్ చేయాల్సిన వాటి జాబితా) నోఫెయిల్ (దొరక్కపోయినా బూట్ ఆపొద్దనే ఆప్షన్) పెట్టడం, ఇనిట్‌ర్యామ్‌ఎఫ్‌ఎస్ (బూట్ మొదట్లో లోడయ్యే చిన్న ఫైల్ సిస్టమ్) మళ్లీ తయారుచేయడం, వీజీచేంజ్ (వాల్యూమ్ గ్రూపును యాక్టివేట్ చేసే కమాండ్) పదేపదే కొట్టడం, ఏవీ వాల్యూమ్‌ను తేలేదు.

దారి దొరికింది ఇక్కడ. డిస్కులను, వాటిలో ఏముందో చూపే ఎల్‌ఎస్‌బీఎల్‌కే -ఎఫ్ కొడితే డిస్క్ పక్కన ‘ఎల్‌వీఎం2_మెంబర్’ అని కనిపించింది. వాల్యూమ్ గ్రూపులను చూపే వీజీఎస్‌లో మాత్రం ఆ డిస్క్ ఉన్న గ్రూపు పేరే లేదు. సగం టెన్షన్ అక్కడే తగ్గింది: డేటా ఉంది, ఎల్‌వీఎమ్మే డిస్క్‌ను పట్టించుకోవడం లేదు. అప్పుడు అదే వీజీఎస్‌ను ‘--డివైసెస్‌ఫైల్’ ఆప్షన్‌కు ఖాళీ కొటేషన్లు ఇచ్చి నడిపాను. గ్రూపు ప్రత్యక్షం!

ఆర్‌హెచ్‌ఈఎల్ 9లో (రెడ్ హ్యాట్ లినక్స్) ఏ డిస్కులు వాడాలో ఎల్‌వీఎం ఒక ఫైల్‌లో రాసుకుంటుంది: ఈటీసీ కింద ఎల్‌వీఎం, డివైసెస్ ఫోల్డర్లలో సిస్టమ్.డివైసెస్. అందులో పాత ఐడీయే ఉంది. కంట్రోలర్ మారాక డిస్క్ వేరే ఐడీ చెబుతోంది.

ముందు ఆ ఫైల్‌కు కాపీ తీశాను. తర్వాత గ్రూపులోని డిస్కులను ఆ ఫైల్‌లో చేర్చే వీజీఇంపోర్ట్‌డివైసెస్‌కు గ్రూపు పేరు ఇచ్చి, ఫైల్‌లోని జాబితా చూపే ఎల్‌వీఎండివైసెస్‌తో కొత్త ఐడీ చేరిందని చూసుకున్నాను. ఆపైన వీజీచేంజ్ -ఏవై, మౌంట్ -ఏ. చివర్లో రీబూట్. ఈసారి ఆగకుండా లేచింది.

ఇది అందరికీ పనిచేస్తుందని చెప్పలేను. ఖాళీ కొటేషన్లతో కూడా గ్రూపు కనబడకపోతే మీ సమస్య వేరు, రెయిడ్ (కొన్ని డిస్కులను కలిపి ఒకటిగా వాడే ఏర్పాటు) లేవకపోవడమో, గ్రూపులో ఒక డిస్క్ లేకపోవడమో చూడండి. క్లోన్ చేసిన డిస్క్ కూడా తగిలించి ఉంటే ముందు దాన్ని తీసేయండి, రెండింటికీ పీవీ ఐడీ (ఎల్‌వీఎం డిస్క్‌ను గుర్తించే నంబర్) ఒకటే ఉంటుంది.