ఉత్తరాంధ్ర పాట వినాలనుందా? ముందు వాయిద్యం పక్కన కూర్చోండి

ఫోన్‌లో "ఉత్తరాంధ్ర జానపదం" అని కొడితే ఒక యాభై పాటలు వస్తాయి. వాటిలో చాలావాటికి కింద కీబోర్డు బీటు వేసేసి ఉంటుంది, అసలు వాయిద్యం ఏమిటో చెవికి అందదు. అవి వద్దని కాదు, పెళ్లి ఊరేగింపులో బాగానే ఉంటాయి. కానీ శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ, ఈ మూడు పాత జిల్లాల సంగీతం ఎలా ఉంటుందో నిజంగా తెలుసుకోవాలంటే మాత్రం బస్సెక్కాల్సిందే. ఎప్పుడు వెళ్లాలి, ఎక్కడ నిలబడాలి, దేని మీద చెవి పెట్టాలి అని నన్ను చాలామంది అడుగుతుంటారు కాబట్టి నేను చేసే పద్ధతి రాస్తున్నాను.

ముందు క్యాలెండర్ తీయండి. ఇక్కడ పాట హాల్లో టికెట్టు పెట్టి పాడేది కాదు, అమ్మవారి పండగలకీ జాతరలకీ ముడిపడి ఉంటుంది. విజయనగరం పైడితల్లమ్మ సిరిమానోత్సవం విజయదశమి తర్వాత వచ్చే మంగళవారం జరుగుతుంది. అందరూ ఆ రోజుకే వస్తారు, మీరు మాత్రం ముందురోజు తొలేళ్లకే చేరుకోండి. సిరిమాను రోజు జనంలో కాలు పెట్టే చోటుండదు, తొలేళ్ల నాడైతే కళాకారుల దగ్గరికి వెళ్లి నిలబడొచ్చు, కాస్త మాట్లాడొచ్చు. దసరాకి కుదరకపోతే ఉగాది ముందు కొత్త అమావాస్యకి అనకాపల్లి నూకాలమ్మ జాతర ఉంది. కొండల వైపు వెళ్లాలనుకుంటే చైత్రమాసం చూసుకోండి.

మొదటిసారి వెళ్లినవాళ్లు చేసే పొరపాటు ఒకటే, మాటలు అర్థం చేసుకోవాలని టెన్షన్ పడతారు. శ్రీకాకుళం యాస వేగంగా పాడితే గుంటూరు వాళ్లకీ వరంగల్ వాళ్లకీ సగం జారిపోతుంది, అందులో తప్పేం లేదు. మొదటి గంట మాటలు వదిలేయండి. వాయిద్యం ఒక్కటే వినండి.

అలా వినడం అలవాటు కావాలంటే జముకుల కథతో, అంటే జముకు అనే వాయిద్యం వాయిస్తూ పాడి చెప్పే కథతో, మొదలుపెట్టమంటాను. జముకు చూడ్డానికి చిన్న డొల్ల, ఒక వైపు తోలు బిగించి ఉంటుంది, ఆ తోలు మధ్యలోంచి ఒక తంత్రి బయటికి వస్తుంది. వాయించే మనిషి డొల్లని చంకలో ఇరికించుకుని ఒక చేత్తో తంత్రిని లాగి పట్టుకుంటాడు, రెండో చేత్తో మీటుతాడు. బిగిస్తే శబ్దం పైకి లేస్తుంది, సడలిస్తే కిందికి దిగుతుంది. అంటే అది తాళం ఒక్కటే వెయ్యదు, మాట్లాడుతుంది కూడా. కథకుడు ఏదైనా అడిగి ఆగాడనుకోండి, వంత పాడేవాళ్లకంటే ముందు జముకే "ఊఁ" అంటుంది. నాకు పన్నెండేళ్లప్పుడు మా అమ్మమ్మ ఊళ్లో పండగ రాత్రి ఒక పెద్దాయన "ఇక్కడ కూకో బాబూ" అని నన్ను ఆ జముకు పక్కనే కూర్చోబెట్టారు. కథలో ఎల్లమ్మ తల్లికి కష్టం వచ్చిన చోట తంత్రి సన్నగా మూలిగింది. చుట్టూ ఉన్న ఆడవాళ్లు కొంగుతో కళ్లు తుడుచుకున్నారు. ఆ రాత్రి నాకు కథ సగమే తెలిసింది, ఏడుపు మాత్రం పూర్తిగా తెలిసింది. అందుకే ముందు వాయిద్యం అంటున్నాను.

తప్పెటగుళ్లకి దీనికి సరిగ్గా వ్యతిరేకంగా చెయ్యాలి, దూరంగా నిలబడాలి. గొల్లల కళ ఇది. పదిహేను ఇరవై మంది గుండె మీద తప్పెట అనే రేకు వాయిద్యం కట్టుకుని, కాళ్లకి గజ్జెలు వేసుకుని, రెండు చేతులతో వాయిస్తూనే పాడతారు, ఎగురుతారు, ఒకరి మీద ఒకరు ఎక్కి గోపురంలా నిలబడతారు. మరీ దగ్గరగా ఉంటే రేకుల మోత ఒక్కటే చెవిలో పడుతుంది. ఓ ముప్పై నలభై అడుగులు వెనక్కి వస్తే తప్పెట, గజ్జె, గొంతు మూడూ విడివిడిగా వినపడతాయి. మధ్యలో గురువు ఒక్క సైగ చేస్తాడు, ఇరవై మంది దరువూ ఒక్కసారి మారిపోతుంది. ఆ సైగ ఎక్కడ చేశాడో పట్టుకోవడానికి ప్రయత్నించండి. ఒకసారి దొరికిందంటే ఇక రాత్రంతా అక్కడే ఉండిపోతారు.

అరకు ఆదివాసీల నాట్యం థింసా గురించి ఒక్క మాట. రిసార్టుల్లో మంట చుట్టూ పది నిమిషాలు ఆడి చూపించేది చూసి "ఇంతేనా" అనుకోవద్దు, అది అడిగినవాళ్ల కోసం కుదించిన ముక్క. చైత్రంలో ఇటుకల పండగ రోజుల్లో, తెలిసినవాళ్ల ద్వారా ఊరివాళ్లని అడిగి, వాళ్లు రమ్మంటేనే వెళ్లండి. ఆడవాళ్లు ఒకరి నడుము వెనక ఒకరు చేతులు వేసి వరస కడతారు, మగవాళ్లు డప్పు, తుడుము, మోరి వాయిస్తారు. మీరు వినాల్సింది మోరి, అది ఊదే వాయిద్యం. ఊపిరి ఎక్కడా తెగనట్టు సాగుతుంది, అడుగులు దాని మీదే నడుస్తాయి. పాటలో ఆదివాసీ ఒరియా, తెలుగు కలిసిపోయి ఉంటాయి.

ఇక ఎవరూ చెప్పని సంగతి. ఇదంతా జానపదం, సంగీత కాలేజీ వేరు అని మనసులో గోడ కట్టుకోకండి. విజయనగరంలో 1919లో మొదలైన మహారాజా సంగీత కళాశాలకి మొదటి ప్రిన్సిపాల్ ఆదిభట్ల నారాయణదాసు గారు, హరికథా పితామహులు. తర్వాత ఆ కుర్చీలో వయొలిన్ విద్వాంసులు ద్వారం వెంకటస్వామి నాయుడు గారు కూర్చున్నారు. ఘంటసాల, పి.సుశీల నేర్చుకున్నదీ ఇక్కడే. జముకుల కథ విన్న వారంలోనే ఎక్కడైనా ఒక మంచి హరికథ వినండి. కాలికి గజ్జె, చేతిలో చిడతలు, కథ ఆపి పిట్టకథ, పిట్టకథ నుంచి మళ్లీ పాటలోకి. రాగాలు వేరు, భాష వేరు, జనాన్ని కూర్చోబెట్టే ఒడుపు మాత్రం ఒక్కటే. నా వరకు ఈ ప్రాంతం గొప్పతనమంతా అక్కడే ఉంది.

ఇంకో పూట మిగిలితే బొబ్బిలి వెళ్లండి. విజయనగరం నుంచి రాయగడ లైనులో రైలుంది. పక్కనే గొల్లపల్లిలో వీణలు చేస్తారు, ఒకే పనస మొద్దు తొలిచి చేసే ఏకాండి వీణకి భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. కొనకపోయినా ఫర్వాలేదు, మెట్లు కట్టేటప్పుడు మాత్రం చూడండి. మైనం, బొగ్గుపొడి కలిపిన నల్లటి ముద్ద మీద ఒక్కో మెట్టు పెడతారు, తంత్రి మీటి వింటారు, వెంట్రుకవాసి జరుపుతారు, మళ్లీ మీటుతారు. అలా ఇరవై నాలుగు మెట్లు! ఆ టైములో ప్రశ్నలు అడగొద్దు, వాళ్లు చెవితో పని చేస్తున్నారు.

రికార్డు చేసుకోవాలంటే ముందు గురువుగారిని అడగండి, అడిగితే కాదనేవాళ్లు నాకు ఇంతవరకు తగల్లేదు. ఫోన్ డప్పుకి ఆనించి పెడితే శబ్దం పగిలిపోతుంది, కనీసం పదడుగుల దూరం ఉంచండి, మధ్యలో పాజ్ చేయకండి. అయ్యాక డబ్బు చేతిలో పెట్టేటప్పుడు వంత పాడినవాళ్లని మర్చిపోవద్దు, ఇస్తే అందరి ముందూ గురువుగారి చేతికే ఇవ్వండి, వాళ్లలో వాళ్లు పంచుకుంటారు. ఇంటికొచ్చాక ఫైలుకి ఊరి పేరు, తేదీ, వాయిద్యం పేరు, పాడినవాళ్లు ఒప్పుకుంటే వాళ్ల పేర్లు పెట్టి, ఒక కాపీ వాళ్లకీ వాట్సాప్ చేయండి. నేను అలా పంపిన వీడియో చూసి ఒక తప్పెటగుళ్ల గురువుగారు రాత్రి పదింటికి ఫోన్ చేశారు. మూడో వరసలో కుర్రాడి అడుగు వెనకబడుతోందని అందులోనే కనిపెట్టారట, వచ్చే సంక్రాంతికల్లా సరిచేయిస్తాను, మళ్లీ వచ్చి తీయమన్నారు.