పాత వీడియో క్యాసెట్లను కంప్యూటర్‌లోకి ఎక్కించే ముందు జాగ్రత్తలు

ముందు క్యాసెట్‌ను వెలుతురులో పరీక్షించండి. చెన్నై ఉక్కకు బీరువాలో ఉన్నవాటికి బూజు పడుతుంది. టేపు చుట్ట మీద తెల్లటి మచ్చలుంటే వీసీఆర్‌లో పెట్టవద్దు. బూజు టేపును చదివే హెడ్లకు అంటి మిగతా క్యాసెట్లకూ పాకుతుంది. శుభ్రం చేయించాకే ఆడించాలి.

– క్యాసెట్ అంచున ఉండే చిన్న ప్లాస్టిక్ రెక్కను విరిచేయండి. పొరపాటున రికార్డు నొక్కినా అమ్మానాన్నల పెళ్లి చెరిగిపోదు.

– మన దేశపు టీవీ పద్ధతి అయిన పాల్ (PAL) క్యాసెట్లకు 720×576 చుక్కలు (పిక్సెళ్లు), సెకనుకు 25 ఫ్రేములు ఎంచుకోండి. అమెరికా బంధువులు పంపినవి సాధారణంగా అక్కడి ఎన్‌టీఎస్‌సీ పద్ధతివి: 720×480, 29.97 ఫ్రేములు. 1080 (హెచ్‌డీ) పెడితే ఫైలు ఉబ్బుతుందే తప్ప, వీహెచ్‌ఎస్ క్యాసెట్‌లో లేని వివరం ఎక్కడినుంచి వస్తుంది?

– ఇంటర్‌లేస్‌ను (ఒక్కో ఫ్రేమును సరి, బేసి గీతల రెండు సగాలుగా ఉంచే పద్ధతిని) తొలగించకండి. కదలికల అంచున దువ్వెన పళ్లలాంటి గీతలు కనిపించినా కంగారు వద్దు. వాటిని తర్వాత నకలు మీద 50 ఫ్రేములుగా సరిచేయవచ్చు. ఎక్కించేటప్పుడే 25కు కుదిస్తే సగం కదలిక తిరిగి రాదు.

– బిట్‌రేటు (సెకను వీడియోకు వాడే డేటా) దగ్గర మాత్రం పిసినారితనం వద్దు. డీవీ అనే వీడియో ఫార్మాట్‌లో గంటకు సుమారు 13 జీబీ పడుతుంది. డిస్కులో చోటు ముందే చూసుకోండి. చెన్నై ఎలక్ట్రానిక్స్ బజారు రిచీ స్ట్రీట్‌లో క్యాప్చర్ పరికరం (వీసీఆర్ వీడియోను కంప్యూటర్‌కు అందించేది) కొనేటప్పుడు, అది వీడియోను తనే గట్టిగా కుదించేస్తుందేమో అడగండి.

– శబ్దం: 48 కిలోహెర్ట్జ్, పీసీఎం (కుదించని శబ్దం).

– మొదట రెండు నిమిషాలే ఎక్కించి చూడండి. తలంబ్రాల ఘట్టం మంచి పరీక్ష. రాలే బియ్యపు గింజలు విడివిడిగా కాక చదరపు ముక్కలుగా కనిపిస్తే బిట్‌రేటు పెంచాలి.