శుక్రవారం రాత్రి బ్యాండు మోగేలోపు

అమెరికా హైస్కూలులో అమెరికన్ ఫుట్‌బాల్ ఆడే పిల్లవాడి తలకు హెల్మెట్ ఉంటుంది, భుజాలకు మెత్తలు ఉంటాయి, దెబ్బ తగిలితే చూసే మనిషి గీత పక్కనే ఐసు సంచులతో సిద్ధంగా ఉంటాడు. అదే మైదానం అంచున స్కూలు బ్యాండులో ట్రంపెట్ పట్టుకున్న పిల్లవాడికి ఉండేది ఒక నీళ్ల డబ్బా. ఆగస్టు ఎండలో గంటల తరబడి నిలబడేదీ, ఆట జరిగినంతసేపూ డ్రమ్ముల మధ్య చెవులు అప్పగించి కూర్చునేదీ మాత్రం ఇతడే. డల్లాస్ చుట్టూ ఫ్రిస్కో, ప్లేనో, ఇర్వింగ్ లాంటి ఊళ్లలో నేను చూసినంతవరకు మన పిల్లలు జట్టులో కంటే బ్యాండులోనే ఎక్కువ. అందుకే సీజను మొదలుకాకముందే ఈ నాలుగు మాటలు.

ముందు ఎండ సంగతి. టెక్సస్‌లో ఆటలు ఆగస్టు చివర్లో మొదలవుతాయి, బ్యాండు సాధన అంతకు కొన్ని వారాల ముందే. ఆ సాధన చాలాచోట్ల పచ్చికమీద కాదు, మైదానంలో లాగే గీతలు గీసిన తారు పార్కింగు స్థలంలో. ఎండ పైనుంచి కాలుస్తుంటే తారు కిందనుంచి కాలుస్తుంది. భుజాన సోసాఫోన్ (ఒంటికి చుట్టుకునే పెద్ద బాకా) ఉన్న పిల్లవాడైతే పది కిలోలకు పైగా మోస్తూ, వెనక్కి అడుగులు వేస్తూ, అదే ఊపిరితో ఊదాలి.

శరీరం వేడికి అలవాటు పడటానికి ఒకటి నుంచి రెండు వారాలు పడుతుంది. మనవాళ్లు ఎక్కువగా చేసే పొరపాటు ఇక్కడే. సెలవుల్లో హైదరాబాదో విజయవాడో వెళ్లి, టికెట్టు చవకగా దొరికిందని బ్యాండు సాధన క్యాంపుకు ముందు రోజు దిగుతారు. నిద్ర లేని పిల్లవాణ్ని, నెలంతా ఏసీ గదిలో గడిపినవాణ్ని మర్నాడు పొద్దున ఏడింటికి తారుమీద నిలబెడతారు. పది రోజుల ముందే రండి. వచ్చాక రోజూ కాసేపు బయట నడిపించండి. ఖాళీ కడుపుతో పంపకండి. నీళ్లు దాహం వేసినప్పుడు కాదు, విరామం ఇచ్చిన ప్రతిసారీ తాగమనండి. సాయంత్రం ఇంటికి వచ్చాక ఉప్పు వేసిన మజ్జిగ ఎలాగూ ఉంది.

వడదెబ్బ అంటే ఒళ్లు పొడిబారిపోవాలని మనలో చాలామంది నమ్మకం. కష్టపడుతున్న మనిషికి వచ్చే వడదెబ్బలో చెమట ధారగా కారుతూనే ఉండవచ్చు. చూడవలసింది మాట తీరు. పిల్లవాడు తికమకగా మాట్లాడినా, తూలినా, ఊరికే చిరాకు పడినా సాధన ఆపించి 911కి ఫోను చేయాలి. అంబులెన్సు వచ్చేలోపు ఐసు నీళ్ల తొట్టిలో కూర్చోబెట్టాలి. తొట్టి లేకపోతే ఒళ్లంతా చల్లని నీళ్లు పోస్తూ తడి తువాళ్లు మారుస్తూ ఉండాలి. ముందు చల్లబరచడం, ఆ తర్వాతే ఆసుపత్రికి తరలించడం.

ఇక చెవులు. పోయినేడు మొదటి ఆట అయ్యాక కారులో మావాణ్ని ఆకలిగా ఉందా అని అడిగాను. "ఏమిటి నాన్నా?" అన్నాడు. మళ్లీ అడిగాను. మూడోసారికి రేడియో కట్టేసి అడగాల్సి వచ్చింది. "చెవిలో కీచురాయి కూస్తున్నట్టుంది" అన్నాడు, నవ్వుతూనే. వాడి వరుసకు సరిగ్గా వెనక తాళాలు, వాటి పక్కన స్నేర్ డ్రమ్ములు. తెల్లవారేసరికి ఆ కూత పోయింది, మా అదృష్టం. ఆ కూత చెవి పెట్టే మొర. పదేపదే పెట్టించుకుంటే లోపలి సన్నని కణాలు చచ్చిపోతాయి, అవి మళ్లీ పుట్టవు.

లెక్క తెలిస్తే భయం సరైన పాళ్లలో ఉంటుంది. అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ ప్రకారం 85 డెసిబెళ్ల శబ్దంలో రోజుకు 8 గంటల వరకు ఉండవచ్చు. ఆపైన ప్రతి 3 డెసిబెళ్లకు ఆ సమయం సగానికి పడిపోతుంది. 94 దగ్గర ఒక గంట, 100 దగ్గర పావుగంట. డ్రమ్ముల వరుస పక్కన 100 దాటడం పెద్ద విశేషం కాదు. సంగీతం వాయించేవారి కోసమే చేసిన చెవి ప్లగ్గులు దొరుకుతాయి. అవి అన్ని స్వరాలనూ దాదాపు ఒకేలా తగ్గిస్తాయి కాబట్టి పక్కవాడి శ్రుతి వినిపిస్తుంది. మెత్తటి నురుగు ప్లగ్గులు చవక, కానీ ధ్వని మందకొడిగా మారి పిల్లలు విసుగెత్తి తీసేస్తారు. ఏవి కొన్నా క్యాంపు మొదటి రోజునుంచే పెట్టించండి. ఆట రోజున కొత్తగా పెడితే తన వాయిద్యం తనకే పరాయిగా వినిపిస్తుంది.

చూడటానికి వెళ్లే మనకూ జాగ్రత్తలు ఉన్నాయి. చంటిపిల్లలకు ఇయర్‌మఫ్‌లు తప్పనిసరి. ఇండియా నుంచి వచ్చిన అమ్మమ్మనూ తాతయ్యనూ ముచ్చటపడి బ్యాండు ముందు వరుసలో కూర్చోబెట్టకండి, స్టాండుల రెండో చివర మేలు. ఆరుబయట దూరం రెట్టింపైతే శబ్దం సుమారు 6 డెసిబెళ్లు తగ్గుతుంది. కొన్ని స్కూళ్లలో టచ్‌డౌన్ పడగానే, అంటే బంతిని అవతలి జట్టు చివరి గీత దాటించగానే, చిన్న ఫిరంగి పేలుస్తారు. గుండె జబ్బు ఉన్నవారికి ముందే చెప్పి ఉంచండి.

గోల చేసే వస్తువులు కొనేముందు స్కూలు డిస్ట్రిక్టు నియమాలు చదవండి, ఒక్కోచోట ఒక్కో తీరు. గాలి డబ్బాతో మోగే ఎయిర్‌హారన్‌ను చాలాచోట్ల గేటు దగ్గరే తీసేసుకుంటారు. చెవి పక్కన మోగితే 120 డెసిబెళ్లకు చేరగలదది. ఆవు మెడ గంటలు, గులకరాళ్లు వేసిన పాలడబ్బాలు కొన్నిచోట్ల సరే, కొన్నిచోట్ల కాదు. పోలీసు ఈల మాత్రం ఎక్కడా వద్దు. రిఫరీ ఊదాడనుకుని పిల్లలు ఆట ఆపేస్తారు, ఆపనివాడు వచ్చి ఆగినవాణ్ని గుద్దుతాడు. వేళ్లతో వేసే మన సినిమాహాలు ఈలను పట్టుకునే నియమం నేనింకా చూడలేదు. సీజను మొదట్లోనే వినాయక చవితి కూడా వస్తుంది కాబట్టి, ఇంట్లో ఉన్న డప్పు తెద్దామా అని ఎవరో ఒకరు అడుగుతారు. ముందు బ్యాండు మాస్టారు అనుమతి తీసుకోండి. మన జట్టు బంతి అందుకోవడానికి సిద్ధమవగానే బ్యాండే వాయించడం ఆపేస్తుంది, పిల్లలకు ఒకరి పిలుపు ఒకరికి వినిపించాలి కదా. అప్పుడు మన డప్పు ఒక్కటే మోగితే నష్టం మన జట్టుకే.

ఉరుము వినిపిస్తే లోహపు స్టాండులు దిగి కారులోకి వెళ్లిపోండి. చివరి ఉరుము తర్వాత 30 నిమిషాలు గడిచేవరకు రాకండి. పిల్లవాడు వాయిద్యం తడుస్తుందని వెనుదిరిగితే వెళ్లనివ్వకండి.

హాఫ్‌టైమ్ ప్రదర్శన అయ్యాక చాలా బ్యాండులకు మూడో క్వార్టరులో విరామం ఇస్తారు. పిల్లలు నాచోలకు పరుగెత్తే ఆ పది నిమిషాల్లోనే మీవాణ్ని పట్టుకోవాలి. నీళ్ల డబ్బా ఎత్తి చూడండి, ఎంత ఖాళీ అయిందో తెలుస్తుంది. చెవి ప్లగ్గులు జేబులో కనిపిస్తే, మళ్లీ మెట్లు ఎక్కేముందు పెట్టించండి.